సొట్టల బండికి నేను చేసిన సేవ

ఎవరూ అడగని పనిని ఎంతో శ్రద్ధగా, దగ్గరుండి, టీ కూడా తాగకుండా చేయించి ఒక మనిషి మరో మనిషి కొంప ఎలా ముంచగలడో తెలుసుకోవాలంటే ఇది చదవండి. ఆ ముంచినవాణ్ని నేనే. ఇందులో ఒక బండి జాతకం తారుమారవుతుంది, ఒక షూటింగ్ సగం రోజు ఆగిపోతుంది, ఒక పెద్దావిడ చాలాసేపు నా మొహం చూడదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమాకి అసోసియేట్ డైరెక్టర్ని. ఆస్తి చూసుకుంటే ఒక పాత స్కూటరు, దానికి తోడు ర్యాలీ కార్ల గురించి తలనిండా సమాచారం. ర్యాలీ కారు నేను ఎక్కిన పాపాన పోలేదు. అయినా టీ కొట్టు దగ్గర ఎవరైనా పొరపాటున ‘కారు’ అన్నారంటే వాళ్ల పని అయిపోయినట్టే.

“మినీ కూపర్ అని అగ్గిపెట్టెంత బండి ఉండేది. మోంటే కార్లో ర్యాలీలో, మంచులో, పెద్ద పెద్ద బండ్లకి చుక్కలు చూపించింది. అరవై ఆరులో మొదటి మూడు స్థానాలూ దానివే. కానీ గెలుపు దక్కలేదు. ఎందుకో తెలుసా?” అని ఆగేవాణ్ని.

ఎవరూ ఎందుకని అడిగేవారు కాదు. “హెడ్‌లైట్లు రూల్సు ప్రకారం లేవని పోటీలోంచి తీసేశారు” అని నేనే చెప్పుకునేవాణ్ని. అక్కణ్నుంచి స్ట్రాటోస్ మీదికి దూకేవాణ్ని. ర్యాలీలు గెలవడానికే పుట్టించిన బండి అది, వరసగా మూడేళ్లు ప్రపంచ టైటిల్ తెచ్చింది. ఆపైన క్వాట్రో. నాలుగు చక్రాలకీ ఇంజను బలం ఇస్తే బండి బరువెక్కి చస్తుందని నవ్వినవాళ్లే కొన్నేళ్లకి దాని వెనకాల లైను కట్టారు. ఇంత చెప్పేసరికి నా టీ చల్లారేది, వినేవాళ్లు ఖాళీ గ్లాసులు పెట్టేసి వెళ్లిపోయేవారు.

అలాంటి నా చేతికి నిజంగానే ఒక ర్యాలీ సినిమా వచ్చింది. హీరోయిన్ ర్యాలీ డ్రైవరు. “శ్రీధర్, నాకు చరిత్ర ఉన్న బండి కావాలి. ఆర్ట్ వాళ్లు చేసిన డమ్మీ వద్దు” అన్నారు డైరెక్టర్ గారు. నేను వారం రోజులు ఊరంతా తిరిగి, జూబ్లీహిల్స్‌లోనే ఒక పాత అపార్టుమెంటు సెల్లారులో టార్పాలిన్ కింద ఆ బండిని పట్టుకున్నాను. తెల్ల జిప్సీ జీపు. దాని యజమాని మేరీ సుగుణ గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డారు, లెక్కల టీచరుగా రిటైరయ్యారు. పిల్లలకి పాఠాలు చెబుతూనే సెలవుల్లో ఆ జిప్సీ వేసుకుని దేశమంతా ర్యాలీలకి వెళ్లిన మనిషి. డ్రైవింగ్ ఆవిడది. పక్కన కూర్చుని కాగితం చూసి దారి చెప్పే నావిగేటరు పని ఆవిడ భర్త జాన్ గారిది. ఆయన పోయి అప్పటికి ఐదేళ్లు.

ఆవిడ టార్పాలిన్ తీసి, బండి చుట్టూ తిప్పుతూ ఒక్కొక్క సొట్టా చూపించారు.

“బానెట్ మీద ఈ నొక్కు మనాలీలోది బాబూ. మంచే కదా అని పోనిచ్చాను, కింద బండ ఉంది.”

“మంచంటే గుర్తొచ్చింది మేడమ్, మినీ కూపర్ అని ఒక బండి...”

“తెలుసు. వెనకాల ఇది కోయంబత్తూరు దగ్గర టీ తోటలో. టాప్ మీదిది నీలగిరుల్లో, అక్కడ ఒక పల్టీ కొట్టాం. ఇది అరకులో. ఇక ఈ ఎడమ తలుపు మీదిది...”

“ఎడమ తలుపంటే మేడమ్, క్వాట్రోలో నావిగేటరు...”

ఆవిడ ఆగిపోయారు. లెక్క తప్పు చేసి కింద రెండు గీతలు కొట్టిన పిల్లాణ్ని చూసినట్టు నన్ను చూశారు. ముప్పై ఏళ్లు ర్యాలీలు చేసిన మనిషికి నేను ర్యాలీ గురించి చెబుతున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

“అద్దె ఏమీ వద్దు. దూరం షాట్లలో బండి నేనే నడుపుతాను. మా ఆయన ఉంటే తెర మీద చూసుకుని మురిసిపోయేవారు. ఒక్కటే మాట, ఇచ్చింది ఇచ్చినట్టు తెచ్చివ్వాలి” అన్నారు.

“అంతకన్నా బాగా తెచ్చిస్తానండీ” అన్నాను, గుండె మీద చెయ్యి వేసుకుని.

మా ఇండస్ట్రీలో ఒక మర్యాద ఉంది. షూటింగుకి ఎవరి ఇల్లు తీసుకున్నా, ఇచ్చేటప్పుడు గోడలకి రంగు వేసి, విరిగిన గడియలు బిగించి మరీ అప్పజెబుతాం. జూబ్లీహిల్స్‌లో కొందరు ఇంటివాళ్లు సున్నాల ఖర్చు తప్పుతుందనే మాకు ఇళ్లిస్తారని ఒక వాడుక. ఆ మర్యాద నా బుర్రలో ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, సుగుణ గారి మాట నాకు ‘మంచిగా చేసి ఇవ్వండి’ అన్నట్టే వినిపించింది. ఎలాగూ చివర్లో చెయ్యాల్సిన పనే కదా, షూటింగుకి ముందే చేసేస్తే తెర మీద కూడా మెరుస్తుంది కదా అనుకున్నాను. ఈ తెలివికి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

శుక్రవారం బండి చేతికొచ్చింది. ఎవరికీ చెప్పకుండా తిన్నగా రహమత్ నగర్‌లో డెంటింగ్ చేసే యాదన్న షెడ్డుకి తీసుకుపోయాను. యాదన్న బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, సొట్టల మీద చెయ్యి పెట్టి చూసి, సుత్తి కింద పెట్టేశాడు.

“సార్, గీ సొట్టలు పాతయి. తియ్యాలనుకుంటే ఎప్పుడో తీయించుకుందురు. కావాలనే ఉంచుకున్నట్టున్నరు. జర ఓనర్ని అడుగు.”

“యాదన్నా, నువ్వు డెంటింగ్ చూడు. బండి చరిత్ర నేను చూసుకుంటాను.”

“నీ ఇష్టం సార్. మల్ల నన్ననద్దు.”

ఆదివారం సాయంత్రం దాకా పని జరిగింది. అతను మనాలిని లోపల్నుంచి తట్టి లేపుతుంటే నేను పక్కన స్టూలు వేసుకుని మినీ కూపర్ కథ చెప్పాను. టీ తోటకి లప్పం పెడుతుంటే స్ట్రాటోస్ కథ చెప్పాను. నీలగిరుల మీద రంగు కొడుతుంటే క్వాట్రో కథ చెప్పాను. ఎక్కడో యూరప్‌లో గెలిచిన బండ్ల చరిత్ర అంతా నా నోట్లో ఉంది, నా కళ్ల ముందున్న బండి చరిత్ర మాత్రం ఉప్పుకాగితం కింద పొడిపొడిగా రాలుతోంది. ఆ పొడి నా ప్యాంటు మీద పడితే దులుపుకున్నాను కూడా.

సోమవారం పొద్దున ఫిల్మ్ నగర్ వెనకాల గుట్ట మీద ముహూర్తం షాట్. బండి అద్దంలా ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, నేను పెళ్లికూతుర్ని ముస్తాబు చేసిన మేనమామలా పక్కన నిలబడ్డాను. సుగుణ గారు హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చారు.

“నా బండి ఏది బాబూ?”

“ఇదేనండీ.”

“ఇది ఎవరిదో కొత్తది. నాది ఏది?”

“మీదేనండీ. అంతకన్నా బాగా చేయించాను.”

ఆవిడ ముందుకొచ్చారు. బానెట్ మీద చెయ్యి పెట్టారు, నొక్కు కోసం వెతికారు. వెనక్కి వెళ్లారు. చివరికి ఎడమ తలుపు దగ్గర ఆగి, నున్నటి రేకు మీద అరచేయి ఆనించి అలాగే నిలబడిపోయారు.

“ఇక్కడ మా జాన్ గారి సొట్ట ఉండేది” అన్నారు నెమ్మదిగా, నాతో కాదు, తలుపుతో. “కుడి అనాల్సిన చోట ఎడమ అన్నారు. నావిగేటరు మాట వినాలి కదా, విన్నాను. రాయికి కొట్టాను. ఆ తలుపు ఎవరికి చూపించినా ‘ఇది నా తప్పు, ఈవిడది కాదు’ అని గొప్పగా చెప్పుకునేవారు. ఇంట్లో ఆయన ఫొటోలున్నాయి. కానీ ఆయన చేసింది ఇదొక్కటే మిగిలి ఉండేది.”

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి చక్రం కింద నిమ్మకాయ సర్దుతున్నట్టు కూర్చున్నాను.

డైరెక్టర్ గారొచ్చి బండిని చూశారు, నన్ను చూశారు. “శ్రీధర్, చరిత్ర ఉన్న బండి అడిగాను. ఇది నిన్న పుట్టినట్టుంది.”

“సొట్టలు మళ్లీ పెట్టించేస్తాను సార్. ఏది ఎక్కడుందో నా ఫోన్లో అరవై ఫొటోలున్నాయి.”

ఫోన్ తెరిచాం. అరవై ఫొటోల్లోనూ నేనే ఉన్నాను. మనాలి నా చెవి వెనకాల ఉంది. టీ తోటకి నా భుజం అడ్డం. ఎడమ తలుపు ముందు చేతులు కట్టుకుని, పొట్ట లోపలికి పీల్చి, ర్యాలీ గెలిచినవాడిలా నవ్వుతున్నాను. డైరెక్టర్ గారు ఫోను నా చేతిలో పెట్టి కుర్చీలో కూర్చుండిపోయారు.

షూటింగ్ ఆపి యాదన్నని పిలిపించాను. మధ్యాహ్నానికి వచ్చి, సుత్తి ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి, మళ్లీ దించాడు.

“ముప్పై ఏండ్ల సంది సొట్టలు తీస్తున్న సార్. పెట్టుమంటే చెయ్యి లేస్తలేదు. అడుగుమని ఆ రోజే చెప్పిన కదా నీకు.”

“వద్దు యాదయ్య గారూ, మీ తప్పేం లేదు” అన్నారు సుగుణ గారు. “సుత్తితో కొడితే అది మనాలి అవదు. పోయినవి పోయాయి. పని చూద్దాం.” అని, నా మొహం చూడకుండానే నన్నడిగారు. “పక్క సీట్లో ఎవరు కూర్చుంటున్నారు?”

“డూప్ ఉన్నాడండీ.”

“డూప్ ఎందుకు? ఇంత చరిత్ర తెలిసిన మనిషివి నువ్వుండగా. ఎక్కు.”

హెల్మెట్ పెట్టుకుని ఎడమ సీట్లో కూర్చున్నాను. దారి కాగితం చేతికిచ్చారు. ఎనిమిదే లైన్లు. ఏ వైపు మలుపో, అది ఎంత మెలికో చెప్పే అంకె, అంతే. “నువ్వు చెప్పిందే నేను చేస్తాను. నేను రోడ్డుని నమ్మను, నిన్ను నమ్ముతాను. ర్యాలీ అంటే ఇదే” అన్నారు. ఇన్నేళ్లలో నేను ర్యాలీ గురించి విన్న మొదటి నిజమైన మాట అది.

కెమెరా తిరిగింది. బండి కదిలింది అనడం అన్యాయం, ఎగిరింది. అరవై దాటిన ఆ చేతులు స్టీరింగ్ మీద ఎంత నెమ్మదిగా కదిలాయో, బండి అంత జోరుగా తిరిగింది. నా పొద్దుటి ఇడ్లీలు గొంతు దాకా వచ్చాయి. అయినా “కుడి నాలుగు, ఎడమ మూడు” అని అరిచాను. సరిగ్గానే అరిచాను. జన్మలో అంత గర్వం నాకు ఎప్పుడూ కలగలేదు. ఐదో మలుపు దాటగానే దారికి ఎడమ పక్కన ఇంత రాయి కనిపించింది.

“రాయి ఉంది, కుడికి లాగనా?” అన్నారు సుగుణ గారు.

మీరు మా వృత్తి గుర్తు పెట్టుకోవాలి. ఫిల్మ్ నగర్‌లో పనిచేసేవాడికి రాయి కనిపిస్తే అది రాయి అని తట్టదు. పైగా, ముందు రోజు రాత్రి ఆర్ట్ వాళ్లు ఆ మలుపులో ఒకటి పెడతామన్నారు.

“థర్మోకోల్ అండీ. పోనివ్వండి.”

ఆవిడ పోనిచ్చారు. నావిగేటరు మాట కదా.

ఆర్ట్ వాళ్ల థర్మోకోల్ రాయి ఇంకా రెండు గజాల అవతల ఉంది. ఇది జూబ్లీహిల్స్‌కి ఆ పేరు పెట్టకముందు నుంచీ అక్కడే కూర్చున్న అసలు సిసలు బండరాయి. ధభేల్‌మంది. ఎడమ తలుపు లోపలికొచ్చి నా మోకాలిని పలకరించింది. బండి ఆగింది. గుట్ట కింద నుంచి యూనిట్ అంతా పరిగెత్తుకొస్తోంది.

సుగుణ గారు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఎడమ తలుపు ముందు నిలబడ్డారు. సరిగ్గా అదే చోట, అంత లోతున సొట్ట. నేను కుంటుకుంటూ దిగి, “తప్పు నాదండీ, మీది కాదు” అన్నాను.

ఆవిడ నన్ను చూశారు. పొద్దుట్నుంచీ మొదటిసారి. నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వారు. “అచ్చం ఇలాగే అన్నారు” అన్నారు.

అప్పుడే యాదన్న సుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. “తియ్యాల్నా అమ్మా?”

“దాని జోలికొచ్చారంటే ఊరుకోను” అన్నారు సుగుణ గారు. “మిగతా నాలుగూ నేనే మళ్లీ వెళ్లి తెచ్చుకుంటాను.”

ఆ షాటు సినిమాలో అలాగే ఉంది, దెబ్బతో సహా. సుగుణ గారు ఆ మాట సరదాకి అనలేదు. ఆ తర్వాతి ఏడాదే పాత బండ్ల ర్యాలీకి మనాలి వెళ్లి, బానెట్ మీద ఒకటి, వెనకాల ఒకటి సంపాదించుకొచ్చారు. దారి చెప్పడానికి నేను వెళ్లలేదు, ఆవిడ పిలవలేదు. ఇప్పటికీ వాళ్ల సెల్లారుకి ఎవరొచ్చినా టార్పాలిన్ తీసి, మనాలి చూపించి, ఎడమ తలుపు దగ్గర ఆగి, “ఇది మా శ్రీధర్” అంటారు. ప్రపంచ ర్యాలీ చరిత్రలో నావిగేటర్లు బోలెడుమంది. నాకు తెలిసినంతలో ఒక బండి మీద సొట్టగా స్థిరపడినవాణ్ని నేనొక్కణ్నే.

కాబట్టి ఫిల్మ్ నగర్ గుట్టల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి బండి సొట్టా తీయించను. ఏ రాయినైనా వేలితో తట్టి చూడందే థర్మోకోల్ అనను. ర్యాలీ కార్ల చరిత్ర గురించి, వాటిని నడిపినవాళ్ల ముందు, ప్రాణం పోయినా నోరు విప్పను. ఎడమ తలుపు సంగతి మాత్రం ఈ ప్రమాణం కిందికి రాదు. అది ఎవరడిగినా చెప్తాను, అడగకపోయినా చెప్తాను.