జాలీలో కుక్కిన ముక్క

సందు కనిపిస్తే మా మావయ్య చెయ్యి ఊరుకునేది కాదు. శీతల గదులకు గోడపలకలు చేసే ఫ్యాక్టరీలో, జుట్టు నెరిసేదాకా రెండు రేకుల మధ్య, గట్టిపడితే ఫోమ్ అయ్యే నురుగు పోశాడు. ఇంట్లోనూ అంతే. తలుపు కింద గాలి కొడితే ఓ ఫోమ్ ముక్క తెచ్చి కుక్కేవాడు. "గాలి దొంగలాంటిది. వేలెడు సందిస్తే ఇల్లంతా దోచేస్తుంది" అనేవాడు. మనవరాలు పుట్టగానే ఉయ్యాల పక్క కిటికీని కూడా అలాగే బిగించాడు.

నురుగు పొంగాలంటే లోపల ఒక గ్యాసు ఉండాలి. పాత గ్యాసు ఓజోన్ పొరను తినేది, భూమిని వేడెక్కించేది. కాని అంటుకునేది కాదు. దాని బదులు ఫ్యాక్టరీ పెంటేన్ రకం తెచ్చింది. ఆకాశానికి మేలు. నా కొడుకూ చంటివాడే, వాడు ఆ ఆకాశం కిందే పెరగాలి కదా, అక్కడే పనిచేసే నేనూ సంతోషించాను. అయితే అది పెట్రోలులా మండుతుంది. గాలికన్నా బరువు కాబట్టి నేలమీదే పరుచుకుంటుంది. అందుకని ఒక గోడ అడుగున జాలీలు పెట్టారు. వాటిలోంచి వచ్చిన గాలి నేలను ఊడ్చుకుంటూ ఎదుటి గోడ ఫ్యాన్లలోంచి పోవాలి. శిక్షణలో ఇదంతా చెప్పారు. మావయ్య తలూపాడు.

చలికాలం వచ్చింది. పలకలు కోసే రంపం దగ్గర మావయ్య అల్లుడు. జాలీ సరిగ్గా అతని కాళ్ల దగ్గర.

"ఏంటల్లుడూ, వణుకుతున్నావు? నా కూతుర్ని అడగడానికి వచ్చినప్పుడూ ఇంతే!"

"అప్పుడు మిమ్మల్ని చూసి మావయ్యా. ఇప్పుడు కాళ్లున్నాయో లేవో తెలీట్లేదు."

"ఉండు. నేనుండగా నీకు చలేంటి?"

కోతలో మిగిలిన ముక్కను కొలతకు చెక్కి జాలీలో కుక్కాడు, సూది కూడా దూరనంత బాగా. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరికీ అనుమానం రాలేదు.

గొట్టం అతుకులోంచి గ్యాసు సన్నగా కారింది. ఊడ్చే గాలి లేక ఆ మూలే నిలిచింది. అల్లుడు రంపం మీట నొక్కాడు. నిప్పురవ్వ ఎగిరి ఆ మూలంతా భగ్గుమంది.

ఆసుపత్రిలో మావయ్య పలకరిస్తే, "చలి పోయింది మావయ్యా" అని నవ్వబోయాడు అల్లుడు. తెల్లారేసరికి ప్రాణం పోయింది. ఫ్యాక్టరీవాళ్లు వచ్చినప్పుడు, అడగకముందే, "ఆ ముక్క నేనే పెట్టాను" అన్నాడు మావయ్య.

ఇంటికొచ్చి కిటికీలోని నురుగును గోళ్లతో పెరకడం మొదలుపెట్టాడు.

"నాన్నా, పాపకి చలేస్తుంది. ఉంచు" అంది కూతురు.

మావయ్య వినలేదు. ముక్క ఓ పట్టాన రాలేదు, అంత బాగా కుక్కాడు. చివరికి ఊడింది. గాలి రివ్వుమని వచ్చింది. కూతురు పాపకి మరో దుప్పటి కప్పింది.