ముసలి ఘటం గారికి సన్మానం

భాష రాక చెడినవాళ్లను మీరు చాలామందినే చూసి ఉంటారు. వచ్చి చెడినవాణ్ణి చూడాలంటే నన్ను చూడండి.

కాకినాడ దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో నేను దుబాసీని. ఫోన్లో పాఠాలు విని ఏడాదికల్లా చైనా భాష పట్టేశానని మహా పొగరుగా ఉండేవాణ్ణి. కొత్త మిషను బిగించడానికి చైనా నుంచి లిన్ గారనే పెద్ద మెకానిక్కు, ఆయన నేస్తం వాంగ్ వచ్చారు. లిన్ గారు నన్ను మెచ్చుకుంటూ నాలుగు ముక్కలు రాసిస్తే ట్రైనింగుకి చైనా పంపిస్తానని మా మేనేజరు రాజు గారు మాటిచ్చారు. ఆ నాలుగు ముక్కల కోసం నెలంతా ఆయన వెనకాలే తిరిగాను.

పనిలో ఉండగా వాంగ్ ఆయన్ని "లావో జ్యాహ్వో" అని పిలిచేవాడు. మన ముసలి ఘటం లాంటి మాట. పిలిచినప్పుడల్లా లిన్ గారు పకపకా నవ్వేవారు. ఆయన నవ్వేది వాళ్లిద్దరి పాత స్నేహానికని నా బుర్రకు తట్టలేదు. ఆ పిలుపంటేనే ఇష్టం కాబోలనుకున్నాను.

వెళ్లే రోజున సన్మానం పెట్టాం. శాలువా కప్పకుండా మనం ఎవర్ని పంపాం కనక! మైకు నాకిచ్చారు. అవతల వాళ్ల కంపెనీ పెద్దలు వీడియోలో చూస్తున్నారు. పెద్దాయన్ని ఉత్తి ముసలి ఘటం అంటే బాగోదని చివర గారు తగిలించాను. గారు తగిలిస్తే ఏ మాటైనా శుద్ధి అయిపోతుందని మన జిల్లాల్లో పుట్టినవాడికి కాక ఇంకెవరికి తోస్తుంది? "లావో జ్యాహ్వో గారూ" అని మూడుసార్లు పిలిచాను. మూడుసార్లూ మనవాళ్లు చప్పట్లు కొట్టారు. వాంగ్ తల దించుకున్నాడు.

లిన్ గారు శాలువా తీసి మడతపెట్టి, కాగితం మీద ఏదో రాసి మేనేజరు గారికిచ్చారు. ఆయన దాన్ని నా చేతిలోనే పెట్టారు.

"చదవవయ్యా, నీ గురించేగా."

అబద్ధం చెబుదామనుకున్నాను. లిన్ గారికి తెలుగు రాదు. అయినా ఆ చూపు ముందు ఉన్నదున్నట్టే తెలుగులో చదివేశాను.

"కుర్రాడికి భాష వచ్చు. మర్యాద రాదు."

"మర్యాద రాదా? మనకా?" అన్నారు రాజు గారు. "సరిగ్గా చూడవయ్యా."

నా చేత రెండోసారి కూడా చదివించారు.

ట్రైనింగుకి స్టోర్సులో సత్తిబాబు వెళ్లాడు. వాడికి చైనా భాషలో ఒక్క ముక్క రాదు. అక్కడ అందరూ వాణ్ణి తెగ మెచ్చుకున్నారట. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అందుకే గోదావరి నీళ్లు దోసిట్లో పట్టుకుని ఒట్టేశాను. ఇద్దరు నేస్తాల మధ్య మాటను ఈ జన్మలో ముట్టుకోను, వెనకాల వంద గారులు తగిలించినా సరేనండి.