ముప్పై రెండు మోడ్లు, ఒక కాలువ లస్కరు

2024 వేసవి. నిజామాబాద్ బస్టాండు దగ్గరున్న నా కంప్యూటర్ రిపేరు షాపుకు ఒక మధ్యాహ్నం తండ్రీకూతుళ్లు వచ్చారు. కూతురు లావణ్య పాత చీరలో చుట్టిన సీపీయూను చంకన పెట్టుకుంది. తండ్రి పోశన్న చేతికర్రల మీద నడుస్తున్నాడు. వర్ని నుంచి బస్సులో వచ్చారట.

"ఆట ఆగిపోతుందన్నా," అంది లావణ్య.

"పిల్లలు ఆడేదా?"

"బాపు ఆడేది."

ఈ షాపు పెట్టకముందు చాలా ఏళ్లు ఒక దినపత్రికలో వార్తలను పేజీల్లో అమర్చే పని చేశాను. మనిషిని చూసి వార్తను అంచనా వేయకూడదని అక్కడే నేర్చుకున్నాను. అయినా ఆ రోజు నవ్వొచ్చింది.

పోశన్న నిజాంసాగర్ కాలువ మీద లస్కరుగా చేసి దిగిపోయాడు. తూములు ఎత్తడం, దించడం, చివరి మడిదాకా నీళ్లు అందేలా గట్టు వెంట తిరగడం లస్కరు పని. తుంటి విరిగాక గట్టెక్కలేకపోయాడు, మాట కూడా తగ్గించాడు. అది చూసి కూతురు వ్యవసాయం ఆట ఒకటి పెట్టించి, ఇంటర్నెట్ నుంచి మోడ్లు దించింది. మోడ్ అంటే అసలు ఆటలో లేని వస్తువును చేర్చే చిన్న ఫైలు. చెరకు, ఎడ్లబండి, తూము తలుపు, ఇలా ముప్పై రెండు చేరాయి. వాటితో ఆయన తను తిరిగిన కాలువనంతా రెండేళ్లు కూర్చుని కట్టుకున్నాడు. వారం కింద ఆట తనంతట తానే అప్డేట్ అయింది. అప్పటి నుంచి తెరుచుకుంటూనే క్రాష్ అవుతోంది.

"మోడ్లన్ని తీసి చూసిన," అంది లావణ్య. "కొన్ని వస్తువులు లేవు, ముందుకు పోవాల్నా అని అడిగింది. భయమై స్విచ్చే బంద్ చేసిన."

ఆ భయమే కాలువను కాపాడింది. ముందుకు పోయి ఉంటే, మోడ్లు లేని వస్తువులన్నిటినీ చెరిపేసి ఆట దాన్నే సేవ్ చేసుకునేది. రెండేళ్ల పని మళ్లీ దొరకదు. అందుకే మొదట సేవ్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి తీసి, ఇంకో కాపీ మీద పని మొదలుపెట్టాను. ఆట తన పనులు రాసుకునే లాగ్ ఫైలు చూశాను. అందులో తప్పేమీ కనబడలేదు. ఇక ఒక్కో మోడ్ తీసి చూడటమే. మెషీన్ పాతది, ఒక్కసారి తెరవడానికి ఎనిమిది నిమిషాలు.

అయిదో మోడ్ దగ్గర పోశన్న ఆగలేకపోయాడు.

"తమ్మీ, గిట్ల ఒక్కొక్కటి తీసుకుంట వోతే పొద్దుగూకుతది. సగం బంద్ జెయ్."

"సగమా?"

"కాలువకు గండి ఏడ వడ్డదో తూము తూముకు ఆగి సూస్తరా ఎవలన్న? నేనైతే సీదా నడిమిట్లకు వోతుంటి. ఆడిదాంక నీళ్లు నిండుగుంటె గండి కిందికున్నట్టు. లేకుంటె మీదికున్నట్టు. మల్ల ఆ సగంల నడిమిట్లకు."

"అన్నకు తెల్వదా బాపూ? నువ్వూకో."

"తెలుస్తె గింతసేపు సాయ్ తాగుకుంట కూసుంటడా?"

నిజానికి ఆ పద్ధతి పుస్తకాల్లో ఉంది. నేనూ చదివాను. అవసరమైనప్పుడు అది నాకు గుర్తుకు రాలేదు. ఆయనకు కాళ్లతో నడిచి వచ్చిన విద్య. పదహారు ఆపాను. ఆట తెరుచుకుంది. అంటే తప్పు ఆ పదహారులోనే. తర్వాత ఎనిమిది, నాలుగు, రెండు. అయిదోసారికి దొరికింది: గట్టు మీద వాలే కొంగల మోడ్. తయారుచేసినవాళ్లు కొత్త వెర్షన్‌కు ఇంకా మార్చలేదు.

పెన్‌డ్రైవ్ నుంచి సేవ్ కొత్త కాపీ తీసి, దాన్నొక్కటే ఆపి మిగతా మోడ్లన్నీ పెట్టి తెరిచాను. చెరకు తోటల మధ్య కాలువ సాగిపోతోంది. ప్రతి తూముకూ ఎర్ర రంగుతో నంబరు. తొమ్మిదో తూము పక్కన ఒక బండరాయి.

"ఇదెందుకు?"

"ఆడ సద్ది తింటుంటి."

నేను మౌస్ వదిలేసి కుర్చీ ఆయన వైపు జరిపాను. ఆయన మొదటి తూము నుంచి చివరిదాకా ఒక్కొక్కటీ చూసుకున్నాడు.

"కొంగలు లేవు బాపూ," అంది లావణ్య నెమ్మదిగా.

"ఎండకాలం గద బిడ్డా. నీళ్లు బంద్ వెట్టినప్పుడు ఆడ కొంగలుండయి. వానల్ల వస్తయి తియ్."

ఆటోమేటిక్ అప్డేట్ ఆపి, సేవ్ కాపీ తీయడం లావణ్యకు నేర్పి పంపాను. వానలు పడ్డాక ఆమె ఫోన్ చేసింది. కొంగల మోడ్ కొత్తది వచ్చిందట. ముందు కాపీ తీయమన్నాను. వెనక నుంచి పోశన్న గొంతు: "కాపీ పొద్దుగాల్నే తీసిన అని చెప్పు!"

ఇప్పుడు ఎవరు వంద మోడ్లతో వచ్చినా కాపీ తీసి, తిన్నగా నడిమిట్లకు పోతాను. ఆ పూట చాయ్ ఖర్చు తప్ప, ఈ విద్యకు నేను ఫీజు కట్టలేదు.