నా మోకాళ్ల తుప్పు

కరోనా వచ్చి పోయిన కొత్తలో మా ఛత్రినాక గల్లీలో ఆక్సిజన్ అంటే అమృతమే. సిలిండర్లు మోసుకెళ్లే ఆటో ఎదురైతే మా అమ్మ దండం పెట్టుకునేది. అలాంటి రోజుల్లో ఒక మెడికల్ కాలేజీలో ఆరోగ్యవంతులకు ఊరికే ఆక్సిజన్ పీల్పించి రక్తం పరీక్ష చేస్తారని తెలిస్తే నేను ఊరుకుంటానా? (ఇరవై రెండేళ్ల వయసులో నాకు ఆరోగ్యం తప్ప వేరే ఆస్తి లేదు.) పైగా ఇంకో వారంలో కానిస్టేబుల్ ఉద్యోగానికి పదహారు వందల మీటర్ల పరుగు. అంతకుముందు ఒకసారి ఊపిరి చాలక ఆఖరి రౌండులో కూలబడ్డవాణ్ణి. ఈసారీ తప్పితే శాలిబండలో మా మేనమామ ఇనుప సామాన్ల దుకాణంలో జీవితాంతం మేకులు తూచడమే గతి. కాస్త ఊపిరి నింపుకొని వద్దామని వెళ్లి, ఇచ్చిన కాగితం చదవకుండానే సంతకం పెట్టేశాను.

మాస్కు పెట్టి అరగంట పీల్పించారు. లేచేసరికి ఒంట్లో ఏనుగు బలం! ఆ సంతోషం డాక్టరమ్మతో చెప్పుకుంటే, ఆవిడ తాపీగా అసలు సంగతి వివరించింది. ఆక్సిజన్ ఎక్కువైతే ఒంట్లో కణాలను దెబ్బతీసే పదార్థాలు పుడతాయట, ఇనుముకు తుప్పు పట్టినట్టు. దాన్ని అడ్డుకునే కాపలా కూడా ఒంట్లోనే ఉంటుందట. ఈ రెండింటిలో దేనిది పైచేయో చూడడానికే ఈ పరీక్షట.

“మరి నాకు మంచిదా, చెడ్డదా మేడమ్?”

“అది తెలిస్తే మిమ్మల్నెందుకు పిలుస్తామండీ?” అంది.

బస్సెక్కేసరికి ఏనుగు దిగిపోయింది. మోకాళ్లు కిర్రుమంటున్నాయి. ఊపిరి ఎక్కువ పీలిస్తే తుప్పు, తక్కువ పీలిస్తే పరుగు పోతుంది. ఏం చేయాలో తోచక సగం సగం పీలుస్తూ దుకాణం చేరి మామతో మొర పెట్టుకున్నాను. ముప్పై ఏళ్లుగా వానాకాలం వస్తే తాళాలకీ గొలుసులకీ నూనె పట్టిస్తున్న మనిషి.

“గింత దానికి ఫికరెందుకురా? ఇనుమైనా మనిషైనా తుప్పుకు నూనెనే మందు” అన్నాడు.

మెషిన్ నూనె పూయలేదు, అదే పదివేలు. వారం రోజులు పొద్దున అరగ్లాసు, సాయంత్రం అరగ్లాసు నువ్వుల నూనె ఎదురుగా కూర్చోబెట్టి తాగించాడు. పరుగు రోజున ఏకంగా నిండు గ్లాసు.

మూడో రౌండులో ఆ నూనె కడుపులో కదిలింది. ఊపిరి, తుప్పు, ఉద్యోగం అన్నీ మరిచిపోయాను. పరుగు ముగిసే గీత అవతల ఉన్న మరుగుదొడ్డి ఒక్కటే కళ్లముందు ఉంది. గీత దాటాక కూడా ఆగకుండా పరిగెత్తినవాణ్ణి నేనొక్కణ్ణే. “అరే భాయ్, నెంబర్ చెప్పి పో” అని ఎవరో వెనకాల అరుస్తూనే ఉన్నారు. నెగ్గానని బయటికొచ్చాకే తెలిసింది.

తర్వాత రక్త పరీక్ష ఫలితం కోసం వెళ్తే డాక్టరమ్మ నవ్వింది. “ఆ రోజు మీకిచ్చింది మామూలు గాలేనండీ. పోల్చి చూడడానికి కొందరికి అలాగే ఇస్తామని కాగితంలో రాశాం కదా.” మరి నా మోకాళ్లు ఎందుకు కిర్రుమన్నాయో అడగడానికి సిగ్గేసింది.

తన నూనె వల్లే నాకు ఉద్యోగం వచ్చిందని మామ ఈనాటికీ అందరికీ చెబుతాడు. ఒక రకంగా నిజమే కాబట్టి నేను కాదనను. ఇప్పుడు చౌరస్తాలో బస్సుల పొగ మధ్య ఖాకీ బట్టల్లో నిలబడ్డప్పుడు, ఆ అరగంటకు ఏనుగైపోయిన పిల్లవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎప్పుడైనా ఆ డాక్టరమ్మ కనిపిస్తే, ఆ మామూలు గాలి ఇంకొక్కసారి పెట్టమని అడగాలనుంది.