వెన్నుపూసకు గని పరీక్ష

లేచి నడవమన్న పూట మంచానికి బల్లిలా అతుక్కుపోయి, గోదావరిఖని దవాఖానలో వార్డు మొత్తాన్ని నవ్వించిన మనిషిని నేను. నా పరువు ఎలా పోయిందో చెబుతాను, వినండి.

మొదటి తప్పు బస్సు కండక్టరుది. మందమర్రి నుంచి వస్తుంటే ముందు సీటు అడిగాను. వెనక సీట్లోకి తోశాడు. స్పీడ్ బ్రేకరు దగ్గర బస్సు నన్ను బంతిలా ఎగరేసింది, వెన్నుపూస ఒకటి నలిగిపోయింది. ఆ కండక్టరు ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

నలిగిన ఎముకను నిలబెట్టే వైద్యపు సిమెంటును డాక్టరమ్మ సూదితో లోపలికి ఎక్కించింది.

"ఎనుకటి సిమెంటు పల్చగుండి పక్కకు కారేది, కాకా. ఇప్పుడొచ్చింది పేస్టు లెక్క చిక్కగుంటది, కారదు. గట్టిపడ్డది గూడ. చాయ్ యాళ్లకు లేచి నడువు."

"పరీక్ష చేసిన్రా?"

"ఎక్స్‌రేల చూసినం గద."

చూస్తే సరిపోతుందా? నేను బొగ్గుగని పైకప్పుకు బోల్టులు బిగించిన మనిషిని. బిగించాక కూడా కట్టెతో తట్టి, గట్టి చప్పుడు వస్తేనే దాని కింద అడుగు పెట్టేవాళ్లం. చూడటానికి చక్కగా ఉన్న బండ కూలడం ఈ కళ్లతో చూశాను. ఇక్కడ కూలేది నా నడుము. కూలితే బతుకంతా మంచమే.

"తట్టి సప్పుడు ఇననిదే లేవ" అన్నాను. డాక్టరమ్మ నా భార్య రాజమ్మ వైపు జాలిగా చూసి వెళ్లిపోయింది.

నేను పక్కకు తిరిగి, "నువ్వన్నా తట్టవే" అన్నాను.

రాజమ్మ చెంచా కాడతో వీపు మీద మెల్లగా తట్టింది.

"ఎట్లుంది? గట్టిగుందా, బోలుగుందా?"

"నీ నోటి సప్పుడు ఆగితే గద ఇనపడేది."

వార్డంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది, చెయ్యి విరిగి పక్క మంచం మీద ఉన్న మొగిలి. ఒకప్పుడు నాతో ఒకే షిఫ్టులో పనిచేసినవాడు. గనిలో నా డబ్బాలోని కోడిగుడ్డు తిన్నవాడు. నేను మరిచిపోలేదు.

ఇంతలో చాయ్ వచ్చింది.

"పండుకున్నోడు ఎట్ల తాగుతడు? గిటియ్యి" అంటూ మొగిలి నా గ్లాసు అందుకుని పెదవికి ఆనించాడు.

తరువాత ఏం జరిగిందో నాకు సరిగా తెలియదు. తెలివి వచ్చేసరికి వాడి చేతిలోంచి గ్లాసు గుంజుతున్నాను.

"అప్పుడు గుడ్డు, ఇప్పుడు చాయ్ గూడనా?"

మొగిలి గ్లాసు వదలకుండానే నా కాళ్ల వైపు చూశాడు. నేనూ చూసుకున్నాను. రెండు కాళ్ల మీదే నిలబడి ఉన్నాను. నడుము కూలలేదు. మొన్నటిదాకా కత్తితో కోసినట్టుండే నొప్పి జాడ లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చాయ్ ఆవిరి తగిలిందని చెప్పాను.

రాజమ్మ చెంచా సంచిలో వేసుకుంది. "పరీక్ష అయింది. పోయి డాక్టరమ్మకు చెప్పు."

నేను బిగించిన బోల్టులన్నిటి మీద ఒట్టు. ఇకపై ఏ డాక్టరు లేవమన్నా మొదటి మాటకే లేస్తాను. మొగిలిగాడి గుడ్డు, చాయ్ సంగతులు మరిచిపోతానని మాత్రం ఒట్టు వెయ్యలేదు.