తాళాలక్క కాపురం మార్చింది

సర్కారు కట్టిన కొత్త ఫ్లాట్లను జనానికి తిప్పి చూపించడం ఆమె ఉద్యోగం. చేతిలో తాళాల గుత్తి, నోట్లో ఆగని మాట. అందరికీ తాళాలక్క అయిపోయింది. "మీరైతే ఇక్కడుంటారా?" అని ఎవరైనా అడిగితే, "ఓ, బ్రహ్మాండంగా!" అనేది. అనడానికేం, ఆమె కాపురం ఊరి నడిబొడ్డున, సర్కారు ఇచ్చిన పాత ఫ్లాట్లో.

ఊరి చివర లేచిన కొత్త బ్లాకు దగ్గర మాత్రం ఆ నోరు పనిచేయలేదు. ఇళ్ళు ముచ్చటగానే ఉన్నాయి, బస్సే అక్కడిదాకా రాదు. వచ్చినవాళ్ళు వంటగదిని మెచ్చుకుని, కిటికీలోంచి ఖాళీ రోడ్డు చూసి పెదవి విరిచేవారు. సగం ఇళ్ళకు తాళాలు తీయనే లేదు.

"ఉన్నవే తీసుకునే దిక్కు లేదు. వానలు తగ్గేలోగా ఇవి నిండకపోతే మార్కెట్ వెనక కట్టాల్సిన బ్లాకు ఆపేద్దాం," అన్నాడు ఆఫీసు పెద్దసారు.

ఆమెకు ఒళ్ళు మండింది. ఇళ్ళు అక్కర్లేనివాళ్ళయితే ఆఫీసు వరండాలో అంతమంది ఎందుకు పడిగాపులు కాస్తారు? వాళ్ళలో సొంత చెల్లెలూ ఒకతి. మొగుడితో, ఇద్దరు పిల్లలతో అక్క ముందుగదిలోనే ఇరుక్కుని ఉంటోంది. ఆమెనే ఊరి చివరికి తీసుకెళ్ళింది తాళాలక్క.

చెల్లెలు గదులన్నీ చూసింది. "బాగుందే. మరి నువ్వుంటావా అక్కా?"

చెల్లెలితో అబద్ధమాడలేక నీళ్ళు నమిలింది. ఆ సిగ్గు రెండు రోజులు ఆమెకు తిండి సయించనివ్వలేదు.

బస్సు డిపోకు పోయి అడిగితే, "ఎక్కేవాళ్ళుంటే నడుపుతాం" అన్నారు. వరండాలో అడిగితే, "బస్సు నడిస్తే దిగుతాం" అన్నారు. మీరు ముందంటే మీరు ముందు! అయితే ముందు నేనే దిగుతానని పట్టు పట్టింది.

"ఇన్నాళ్ళకు మా ఆవిడ మాటలకు ఒక బేరం తగిలింది. అదీ నేనే," అంటూ మొగుడు పరుపులు చుట్టాడు. చెల్లెలు మాత్రం ఒంటికాలి మీద లేచింది. ఖాళీ చేసిన ఫ్లాటు వరసలో ముందున్నవాళ్ళకు పోతుంది కానీ చెల్లెలికి రాదు.

"నీ పంతానికి నా పిల్లల్ని రోడ్డున పడేశావు," అని అద్దెగదికి వెళ్ళిపోయింది. ఆపైన అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు.

తాళాలక్కకు ఏడుపొచ్చింది. ఏడ్చింది, సామాను సర్దింది. వానలో, బురదలో, చెప్పులు చేత పట్టుకుని ఉద్యోగానికి నడిచింది. ఆమెను చూసి నాలుగు కుటుంబాలు దిగాయి. అందరినీ వెంటేసుకుని, తడిసిన గొడుగులతో రోజూ పొద్దున్నే డిపో మేనేజరు గదిలో కూర్చునేది. ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. పొద్దునొకటి, సాయంత్రమొకటి బస్సు వేశాడు. ఆ తర్వాత తాళాలు ఒక్కొక్కటే గుత్తిలోంచి జారిపోయి, ఒకటో రెండో మిగిలాయి. మార్కెట్ వెనక పునాది తవ్వమని పెద్దసారు సంతకం పెట్టాడు.

మర్నాడు సాయంత్రం బస్సులోంచి చెల్లెలు దిగింది. చంకలో గ్యాసు పొయ్యి, వెనక పిల్లలు.

"ఆ మార్కెట్ వెనక బ్లాకు కట్టి ఇచ్చేదాకా ఆ అద్దెగదిలో నావల్ల కాదు. మీ ఎదురిల్లు రాయించుకున్నా," అంది మొహం పక్కకు తిప్పుకుని. "నీ మీద కోపం మాత్రం తగ్గలేదు."

"తగ్గకపోతే మానె, పొయ్యి ఇటివ్వు," అంటూ తాళాలక్క చేతులు చాపింది.