ధోబీ దగ్గర మిగిలిన తెల్లజత

మొన్న ఆదివారం మనవరాలి వెంట తార్నాక చౌరస్తా దగ్గర ఒక ఆటబట్టల దుకాణానికి వెళ్లాను. ఆ పిల్ల జిమ్‌లో చేరింది. చేరి వారం కూడా కాలేదు, ఇంకా ఒక్క బరువు ఎత్తిన పాపాన పోలేదు, బట్టలు మాత్రం కొంటోంది. పరుగెత్తడానికి ఒక రకం ప్యాంటట, యోగాకు ఇంకో రకమట, చెమట పీల్చేసే చొక్కా ఒకటి, పీల్చినట్టు కనపడని చొక్కా మరొకటి. నాకొక ప్లాస్టిక్ స్టూలు వేశారు. దాని మీద కూర్చుని, ఇవన్నీ వేసి విప్పేసరికే సగం కసరత్తు అయిపోతుంది కదే అన్నాను. అది నవ్వలేదు. కాసేపటికి తెల్ల ప్యాంటు ఒకటి వేసుకుని బయటికొచ్చి, ఒక చుట్టు తిరిగి, "నడుము దగ్గర లూజుందా అమ్మమ్మా?" అని అడిగింది. నేను స్టూలు మీంచి లేచి పట్టీలో రెండు వేళ్లు పెట్టి చూశాను. వేళ్లు తియ్యడం మరిచి అలాగే నిలబడిపోయాను. దానికి విసుగొచ్చి కౌంటర్‌లో అమ్మాయినే అడుగుతానని వెళ్లిపోయింది.

అరవయ్యో దశకం చివర మేము ఆ చౌరస్తాకు కూతవేటు దూరంలో, ఒక డాబా ఇంట్లో వెనకవైపు రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. అమ్మ, అన్న, వదిన, నేను. వ్యవసాయం చేసుకునే ఇల్లు మాది, నల్లగొండ పక్క పల్లె. అన్నకు యూనివర్సిటీ ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వస్తే, నాయన పోయిన తర్వాత ఊరి పొలం కౌలుకిచ్చి అందరం ఆయన వెనక వచ్చేశాం. నేను అక్కడే కాలేజీలో చదువుతుండేదాన్ని. ఇంటి ఓనర్లు కృష్ణా జిల్లా వాళ్లు. ఓనరుగారు రిటైరైన ఇంజనీరు. పొద్దున్నే క్యాంపస్‌లోకి వాకింగ్‌కు వెళ్లేవారు. ఆయన బయల్దేరడం ఒక ఊరేగింపు. కింద ఖాకీ నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు, పైన ఉన్ని కోటు, కోటు మీద మఫ్లరు, తలకు కోతిటోపీ. మోకాళ్లకు ఎండాకాలం, చెవులకు చలికాలం అన్నమాట. ఆయన ఒక్కరే కాదు, ఆ రోజుల్లో కసరత్తుకని ఎవరికీ వేరే బట్టలుండేవి కావు. ప్రొఫెసర్లు పంచె మోకాలి పైకి దోపి నడిచేవాళ్లు. హాస్టలు పిల్లలు చారల పైజమాతో దండీలు తీసేవాళ్లు. ఆఫీసు గుమస్తాలు సాయంత్రం లుంగీ పైకి మడిచి బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు, దెబ్బ కొట్టేటప్పుడు ఒక చెయ్యి బ్యాటు మీద, ఒక చెయ్యి లుంగీ ముడి మీద.

మా అన్న ఒక్కడే వేరు. ఆటకు అని ఒక తెల్లజత కుట్టించుకున్నాడు. డ్రిల్లు గుడ్డ ప్యాంటు, పొట్టిచేతుల చొక్కా, కాన్వాసు బూట్లు. పెళ్లికి కూడా ప్యాంటు కుట్టించుకోని మనిషి. బూట్లకు సుద్ద పూసి వాకిట్లో ఎండబెడితే అమ్మ వాటిని చుట్టూ తిరిగి పోయేది, తొక్కితే పాపమన్నట్టు. "ఆటకు గింత సోకు అవసరమారా?" అంటే, "బట్టలు మంచిగుంటే బాలు దానంతట అదే పోతదే అమ్మ" అనేవాడు. నిజానికి బాలు ఎప్పుడూ నెట్టుకే తగిలేది. ఆడటం మామూలుగా ఆడేవాడు గానీ ఓడిపోయి వచ్చినా మడత నలగకుండా వచ్చేవాడు. ఆ జతను వదిన ఉతికితే ఒప్పుకునేవాడు కాదు. గోల్నాక నుంచి సైకిలు మీద వచ్చే ధోబీకే వెయ్యాలి, గంజి గట్టిగా పెట్టించాలి.

పుష్యమాసంలో అన్నకు కామెర్లు వచ్చాయి. పసరు పోయించాం, తర్వాత ఆస్పత్రిలో చేర్పించాం, తర్వాత ఇంటికి తెచ్చుకున్నాం. ముప్పై ఏళ్లు నిండని మనిషి. దాని గురించి ఇంతకంటే నాకు జ్ఞాపకం లేదంటే ఎవరూ నమ్మరు. జ్ఞాపకం లేక కాదేమో, అప్పుడే అది లోపలికి పోలేదు. దినాలకు ఊరు నుంచి అందరూ వచ్చారు, ఏడవాల్సిన వాళ్లు ఏడ్చారు. మేము ముగ్గురం మాత్రం వచ్చినవాళ్లకు చాపలు వేయడం, నీళ్లివ్వడం చూసుకున్నాం. నాకు ఆకలేసేది, తినేదాన్ని. నిద్రొచ్చేది, పడుకునేదాన్ని. వదిన పుస్తెలు తీసేటప్పుడు కూడా, వాళ్లకు వీలుగా ఉండాలన్నట్టు మెడ కొంచెం వంచి కూర్చుంది. పదోరోజున మా ఆచారం ప్రకారం అన్న బట్టలన్నీ మూటకట్టి ఇచ్చేశారు. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంటే ప్రాణం ఇంటి చుట్టే తిరుగుతుందని మావాళ్ల నమ్మకం. తువ్వాలుతో సహా, బూట్లతో సహా అన్నీ పోయాయి. తెల్లజత అందులో లేదని ఎవరికీ తట్టలేదు.

చుట్టాలంతా వెళ్లిపోయిన తర్వాత ఒక పొద్దున ధోబీ వచ్చాడు. వాళ్ల తమ్ముడి పెళ్లికని ఊరెళ్లి అప్పుడే తిరిగొచ్చాడట, సంగతి తెలియదు. సైకిలు గోడకు ఆనించి మూటలోంచి ఆ జత తీశాడు. గంజికి అట్టముక్కల్లా నిలబడుతున్నాయి. "మ్యాచ్ ఉన్నదన్నడు సారు, జర లేటయింది. కోపానికొస్తడేమో" అన్నాడు. వదిన గుమ్మంలోకి వచ్చి రెండు చేతులా అందుకుంది. "ఏం అనడు" అంది.

ధోబీకి వదిన మెడ చూశాక అర్థమైంది. మూట కట్టుకుని సైకిలెక్కాడు. ఇచ్చేసే రోజు దాటిపోయింది, ఉంచుకునే ఆచారం లేదు. ఆ జతను ఏం చేయాలో మాలో ఎవరికీ తెలియదు. అమ్మ దానివైపు చూడకుండానే "పెట్టెల పెట్టు" అంది. వదిన పెట్టెలో అడుగున పెట్టింది.

వదిన వాళ్లన్న దినాలప్పుడే ఒక మాట చెప్పి వెళ్లాడు, నా పరీక్షలు అయ్యి, వానలు పడగానే వచ్చి చెల్లెల్ని తీసుకుపోతానని. అన్న జీతం లేకుండా, కౌలు డబ్బుతో ఈ ఊళ్లో ఎక్కువకాలం నెట్టుకురాలేం. అమ్మా నేనూ మా ఊరికి, నా చదువు అటకెక్కడమే. అందరం తల ఊపాం. ఎవరికీ వద్దనాలనిపించలేదు, సరేననాలనీ అనిపించలేదు. ఓనరుగారి భార్యకే మనసొప్పలేదు. ఒకరోజు మా గదిలోకి వచ్చి కూర్చుని, వదినతో, "ఊరెళ్లి ఏం చేస్తావమ్మా? హెచ్చెస్సీ పాసయ్యావు కదా. ఆడపిల్లలకి ఆటలు నేర్పే టీచర్ల ట్రైనింగు ఉందట, ఏడాది చదివితే బడిలో ఉద్యోగం ఇస్తారట. మావారు కనుక్కున్నారు. పరుగెత్తడం, దూకడం, బంతి విసరడం చూసి తీసుకుంటారట" అంది.

"ఆడుకుంటే జీతమిస్తరా?" అంది అమ్మ. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

ఆవిడ వెళ్లిపోయాక, వదిన గిన్నెలు తోముతూ, "నేను ఉరుకుత అత్తమ్మ" అంది. అన్న పోయిన తర్వాత తనకేం కావాలో వదిన చెప్పడం అదే మొదటిసారి. ఆ మాటతో అమ్మ ఊరి ప్రయాణం గురించి మాట్లాడటం మానేసింది.

అయితే ఏం కట్టుకుని ఉరకాలి? దీనికి అమ్మే ఉపాయం చెప్పింది. "నాట్లేసేటప్పుడు ఎట్ల కడ్తం? గట్లనే కట్టు" అని తనే దగ్గరుండి చీరను మోకాళ్ల దాకా లాగి, కుచ్చెళ్లను కాళ్ల మధ్య నుంచి వెనక్కి దోపి గోచి పెట్టింది. బురదలో వంగి పొద్దుగూకేదాకా పనిచేసినా జారని కట్టు అది. తెల్లవారక ముందే వదినా నేనూ క్యాంపస్‌లోకి వెళ్లేవాళ్లం. రాతి భవనాల వెనక ఖాళీ మైదానంలో వదిన ఉత్తకాళ్లతో ఉరికేది. నేను చెప్పులు పట్టుకుని నిలబడేదాన్ని. నాకు సిగ్గుగా ఉండేది, అది కూడా గట్టిగా కాదు, ఉండాలి కాబట్టి ఉన్నట్టు. ఒకరోజు ఓనరుగారు ఎదురుపడి, పాపం మర్యాదస్తుడు, మా వైపు చూడకూడదని ఒక వేపచెట్టు బెరడును చాలా శ్రద్ధగా పరీక్షించారు. వదిన ఎవరినీ పట్టించుకోలేదు. ఆయాసం వచ్చినా ముఖం మారేది కాదు. ఇల్లూడ్చినట్టు, నీళ్లు మోసినట్టు, అదొక పనిలా ఉరికి వచ్చి చెప్పులు వేసుకునేది.

పరీక్ష రెండు రోజులుందనగా ట్రైనింగు మేడం మైదానం చూసుకోవడానికి వచ్చింది. మెడలో విజిల్, మోకాళ్ల కిందిదాకా తెల్ల స్కర్టు, మనిషి పొడుగు. వదిన ఉరకడం రెండు చుట్లు చూసి పిలిచింది. "మంచిగ ఉరుకుతున్నవమ్మా. కానీ చీర ఎట్ల కట్టినా చీరే. దూకేటప్పుడు ఊడి కాలికి తట్టుకున్నదనుకో, ఎముక విరుగుతది. పంజాబీ డ్రెస్సు గానీ, ప్యాంటు చొక్కా గానీ వేసుకుని రా. చీరతోని వస్తే నేను ఉరకనియ్య" అంది. వదిన సరేనంది.

సంగతి విని ఓనరుగారి భార్య వాళ్లమ్మాయి పంజాబీ డ్రెస్సు తెచ్చిచ్చింది. చిలకాకుపచ్చ, దాని మీద గులాబీ పువ్వులు. అమ్మ దాన్ని ముట్టుకోలేదు. "ఏడాది తిరగలే. పిల్ల గీ రంగులేసుకుని మైదానంల దుంకితే నలుగురు ఏమంటరమ్మా?" అంది. ఆవిడ ఒప్పించాలని చూసి, చూసి, డ్రెస్సు మడిచి పట్టుకుపోయింది. అప్పుడు వదిన లేచి పెట్టె తెరిచింది.

ఆరునెలల గంజి. ప్యాంటు కాళ్లు రెండూ ఒకదానికొకటి అంటుకుపోతే వదిన లోపలికి చెయ్యి పెట్టి మెల్లగా విడదీసింది. చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పక్కగదిలోకి వెళ్లి వేసుకుని వచ్చి అమ్మ ముందు నిలబడింది. అన్న పెద్ద పొడగరి కాదు, పొడుగు సరిపోయింది. నడుము వదులు, ఒక చేత్తో పట్టుకుంది. రెండో చెయ్యి కొంగు కోసం భుజం దాకా పోయి, కొంగు లేక కిందికి దిగింది. అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. పోయినవాడి బట్టలు, ఇంట్లో ఉండనే కూడదు, వాటిని వాడి పెళ్లాం తొడుక్కుని నిలబడింది. అమ్మ ఇప్పుడు వద్దంటే అంతా అయిపోయినట్టే. నాకు నా చదువు గుర్తొచ్చింది, ఊళ్లో మా ఇంటి చీకటి వంటగది గుర్తొచ్చింది.

"వద్దంటే విప్పేస్త అత్తమ్మ" అంది వదిన.

ఓనర్ల రేడియోలో వార్తలు మొదలై అయిపోయాయి. తర్వాత అమ్మ నావైపు చెయ్యి చాపి సూదీదారం ఇమ్మంది. "నడుము వదులున్నది. గీడికి రా" అని వదినను దగ్గరికి పిలిచి, పట్టీ వెనకవైపు మడిచి, మనిషి మీదే కుట్టడం మొదలుపెట్టింది. సూది గుచ్చుకుంటుందేమోనని వదిన ఊపిరి బిగబట్టి నిలుచుంది. దారం కొరకడానికి అమ్మ ముఖం ఆ గుడ్డకు ఆనించింది. మామూలు కంటే కొంచెం ఎక్కువసేపే ఆనించిందని నాకనిపించింది.

పరీక్షరోజు అమ్మ కూడా వచ్చింది. ముందురాత్రే తొలకరి పడి మైదానమంతా తడిగా ఉంది. చాలామంది ఆడపిల్లలు పంజాబీ డ్రెస్సులతో ఉన్నారు, ఒకరిద్దరు స్కర్టులతో. ప్యాంటు చొక్కాతో వదిన ఒక్కతే. పక్కన కూర్చున్నావిడ ఎవరో, ఆ తెల్లప్యాంటు పిల్ల మీ బిడ్డా అని అడిగింది. "కోడలు" అంది అమ్మ. ఇంకాస్సేపటికి, ఆవిడ అడగకుండానే, "ప్యాంటు నా కొడుకుది" అంది. పరుగులో వదిన రెండోదిగా వచ్చింది. దూకేటప్పుడు మోకాళ్ల మీద పడి లేచింది. బంతి మాత్రం, చిన్నప్పుడు జొన్నచేల మీద పిట్టలను రాళ్లతో కొట్టిన చెయ్యి కదా, ఎవరూ విసరనంత దూరం విసిరింది. సాయంత్రం మేడం పేర్లు చదివింది, వదిన పేరు ఉంది. వారం తర్వాత వదిన వాళ్లన్న వచ్చి, సంగతి విని, అన్నం తిని, ఒక్కడే బస్సెక్కాడు. వదిన ఆ చదువు చదివి, అంబర్‌పేటలో ఒక ఆడపిల్లల బడిలో చేరి, తలంతా నెరిసేదాకా విజిల్ ఊదింది. నా చదువూ ఆమె జీతం మీదే సాగింది.

పేర్లు చదివిన ఆ సాయంత్రం ఇంటికి నడిచొచ్చాం. సంతోషంగా ఉండాలని తెలుసు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. వదిన జత విప్పేసి చీర కట్టుకుంది. మోకాళ్ల దగ్గర ఎర్రమట్టి, వీపు మీద చెమట. ధోబీకి వేద్దామా అని అడిగాను. అమ్మ వద్దని, తనే బకెట్టులో నీళ్లు పట్టి రెండూ ముంచింది. గంజి విడిచి నీళ్లు తెల్లగా అయ్యాయి, తర్వాత మట్టి దిగి ఎర్రగా. అమ్మ చేతులు ఆ నీళ్లలోనే ఆగిపోయాయి. "కొడుకా" అంది, పక్కగదిలోకి పిలిచినట్టు, మామూలు గొంతుతో. రెండోసారి అన్నప్పుడు ఏడుపు వచ్చింది. వదిన పరుగున వచ్చి పక్కన కూలబడింది. నేను గుమ్మం పట్టుకుని, ఇన్ని నెలలు ఎక్కడుందో తెలియని ఏడుపు ఏడ్చాను. ఎవరం ఎవరినీ ఊరుకోమనలేదు. చీకటి పడ్డాక అమ్మే లేచి, బట్టలు పిండి, తీగ మీద ఆరేసి, "ఎండినంక నీ చీరెలల్ల పెట్టుకో బిడ్డ, ఇగ అవి నీయే" అంది.

అన్న పోయింది చలికాలంలో. ఏటా తిథి కూడా అప్పుడే పెడతాం. కానీ ఎవరైనా మీ అన్న ఎప్పుడు పోయాడని అడిగితే, ఇన్నేళ్ల తర్వాత కూడా నా నోటికి ముందు వచ్చేది వానాకాలమే.